ఒకే ఇంజనులో రెండు డీకోడర్లు: ఆల్కో సీ-424 ప్రాజెక్టు డైరీ

శనివారం: పని స్వరూపం

ఈరీ లాకవానా అనే అమెరికా రైల్వే రంగుల్లో ఉన్న, ఆల్కో కంపెనీ సీ-424 డీజిల్ ఇంజనుకు నమూనా అయిన చిన్న ఇంజను ఒకటి నా లేఅవుట్ (చిన్న రైలు పట్టాల అమరిక) మీద చాలా కాలంగా నడుస్తోంది. అది హెచ్‌ఓ స్కేలుది, అంటే అసలు ఇంజనులో 87వ వంతు. డీకోడర్ అంటే పట్టాల గుండా వచ్చే డిజిటల్ ఆజ్ఞలను అందుకొని పని చేయించే చిన్న బోర్డు. ఈ ఇంజను మోటార్ డీకోడర్ పాతదే అయినా మోటారు నుంచి తిరిగి వచ్చే వోల్టేజీని కొలుస్తూ వేగాన్ని సరిదిద్దుకొనే రకం కనుక, ఎత్తు ఎక్కుతున్నా వంపు తిరుగుతున్నా మొదటి స్పీడ్ స్టెప్పులో (వేగపు మెట్టులో) కూడా ఇంజను తొణకకుండా పాకుతుంది. దానికి లేనిది శబ్దం ఒక్కటే. మోటారునూ శబ్దాన్నీ ఒకే బోర్డు మీద నడిపే డీకోడర్లు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి కనుక పాతదాన్ని తీసివేసి అటువంటిది పెట్టడమే సులభమైన మార్గం. అయినా నేను పాత మోటార్ డీకోడర్‌ను కదపకుండా, దాని పక్కనే మోటారుతో సంబంధం లేని సౌండ్ డీకోడర్‌ను అమర్చాలని నిర్ణయించుకున్నాను.

ఇందుకు ఒక కారణం, బాగా కుదిరిన మోటార్ అమరికను చెడగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోవడం. అంతకన్నా బలమైన కారణం ఆల్కో ఇంజను స్వభావంలో ఉంది. 1963 నుంచి 1967 వరకు తయారైన సీ-424లో 16 సిలిండర్ల 251బీ డీజిల్ యంత్రం ఉండేది. దాని శక్తి 2400 హార్స్‌పవర్. డ్రైవరు త్రాటిల్ నాచ్ (శక్తి మెట్టు) పెంచినప్పుడు ఇంధనం ముందుగా పెరుగుతుంది, టర్బోచార్జర్ ఆ వేగాన్ని అందుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఆ మధ్యలో గాలి చాలక నల్లటి పొగ లేస్తుంది, గర్జన పెరుగుతుంది, బండి మాత్రం ఆ తరువాత నెమ్మదిగా కదులుతుంది. అంటే శబ్దానిది ఒక కాలం, చలనానిది మరొక కాలం. ఈ రెండింటినీ వేర్వేరు డీకోడర్లకు అప్పగిస్తే వాటి కాలాలను కూడా వేర్వేరుగా నిర్ణయించవచ్చు. ఈ ప్రాజెక్టుకు మూలం ఈ ఆలోచనే.

ఈ యంత్రం గొంతు కాజీపేట పరిసరాల్లో పెరిగినవారికి కొత్తది కాదు. మన భారతీయ రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో రూపకల్పనే. దానిలో ఉన్నదీ 16 సిలిండర్ల 251 యంత్రమే, శక్తి 2600 హార్స్‌పవర్. ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లు, ఎనిమిదో నాచ్‌లో 1000 చుట్లు తిరిగే ఆ యంత్రం శబ్దమే నాకు కొలమానం. నేను ఇప్పుడు ఉంటున్న న్యూజెర్సీకి దగ్గరలోనే, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో, డెలావేర్-లాకవానా అనే చిన్న రైల్వే ఆల్కో ఇంజన్లను సరుకు రవాణాకు నడుపుతోంది. డీకోడర్‌లో ఉన్న శబ్దాల్లో ఏది ఎంచుకోవాలో అక్కడి ఇంజన్లను విన్న తరువాతే తేల్చుకున్నాను.

ఆదివారం: బల్ల మీద పరీక్ష

షెల్ (ఇంజను పై తొడుగు) విప్పకముందే రెండు డీకోడర్లనూ విడివిడిగా పరీక్షించాలి. రెండూ ఇంజనులో కలిసిన తరువాత ఏ లోపం దేనిదో తేల్చడం కష్టం కనుక ఈ పనిని వాయిదా వేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ సౌండ్ డీకోడర్ విషయంలో ఒక మౌలికమైన ఇబ్బంది ఉంది. డీకోడర్ అమరికలను రాయడానికీ చదవడానికీ వేరుగా ఉంచే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద డీకోడర్‌కు మాట్లాడే నోరు లేదు. కమాండ్ స్టేషన్ (పట్టాలకు ఆజ్ఞలు పంపే పెట్టె) ప్రశ్న అడిగినప్పుడు జవాబు "అవును" అయితే డీకోడర్ సుమారు 6 మిల్లీసెకన్ల పాటు కనీసం 60 మిల్లీ ఆంపియర్ల కరెంటును అదనంగా లాగాలి. స్టేషన్ ఆ పెరుగుదలను గుర్తించి జవాబుగా తీసుకుంటుంది. మోటార్ డీకోడర్ అందుకోసం మోటారును ఒక్క క్షణం తట్టి వదులుతుంది. ప్రోగ్రామ్ చేస్తున్నప్పుడు ఇంజను చిన్నగా అదరడం అందువల్లే. మోటారు లేని సౌండ్ డీకోడర్‌కు ఆ కరెంటు లాగే దారి వేరొకటి కావాలి. నేను దాని నీలి తీగకూ తెల్ల తీగకూ మధ్య, అంటే లైటు పెట్టవలసిన చోట, 150 ఓమ్‌ల రెసిస్టర్‌ను తాత్కాలికంగా కలిపాను. 12 వోల్టుల దగ్గర అది 80 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది కనుక జవాబు స్పష్టంగా అందింది. ఆ తరువాత ప్రతి సీవీనీ, అంటే డీకోడర్ తన అమరికల విలువను దాచుకొనే ప్రతి గడినీ, చదవగలిగాను. ఈ రెసిస్టర్ బల్ల మీది పరీక్ష కోసమే. ఆ స్థితిలో హెడ్‌లైట్ ఫంక్షన్ నొక్కితే అది ఆగకుండా వేడెక్కుతుంది కనుక ఇంజనులోకి వెళ్లకముందే తీసివేయాలి.

సౌండ్ డీకోడర్లలో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. వాటికి కరెంటు అందిన మొదటి క్షణంలో పెద్ద ప్రవాహం లాగుతాయి. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద కరెంటును ప్రమాణాల ప్రకారం 250 మిల్లీ ఆంపియర్లకు కట్టడి చేస్తారు కనుక కొన్ని కమాండ్ స్టేషన్లు ఆ ప్రవాహాన్నే షార్ట్‌గా భావించి ఆగిపోతాయి. అటువంటి చోట మధ్యలో ప్రోగ్రామింగ్ బూస్టర్ పెట్టుకోవాలి. నా స్టేషన్ దగ్గర ఆ అవసరం రాలేదు.

మరుసటి శనివారం: చిరునామాలు, తాళాలు

రెండు డీకోడర్లూ ఒకే ఇంజనుకు చెందినవి కనుక వాటి చిరునామా ఒకటే కావాలి. ఈరీ లాకవానా సీ-424 ఇంజన్ల సంఖ్యలు 2401 నుంచి 2415 వరకు ఉండేవి; నా ఇంజను మీద ఉన్నది 2412. నాలుగు అంకెల చిరునామాను డీకోడర్ రెండు సీవీలుగా విడదీసి దాచుకుంటుంది. 2412ను 256తో భాగిస్తే భాగఫలం 9, శేషం 108. భాగఫలానికి 192 కలిపితే 201 వస్తుంది. అది సీవీ17లోకి, 108 సీవీ18లోకి వెళతాయి. పెద్ద చిరునామాను వాడమని చెప్పే 32నూ, 28 లేదా 128 స్పీడ్ స్టెప్పులను గుర్తించమని చెప్పే 2నూ కూడి సీవీ29లో 34 రాశాను. పాత డీసీ విద్యుత్తుతో కూడా నడవడానికి అనుమతించే 4ను ఉద్దేశపూర్వకంగా వదిలివేశాను.

చిరునామా ఒకటైన మరుక్షణం అసలు చిక్కు మొదలవుతుంది. 2412కు పంపిన ప్రతి ఆజ్ఞనూ రెండు డీకోడర్లూ వింటాయి. మోటారు వేగవృద్ధిని మార్చాలని సీవీ3లో ఒక విలువ రాస్తే సౌండ్ డీకోడర్ కూడా దానినే రాసుకుంటుంది. ఇటువంటి సందర్భం కోసమే ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని నమూనా రైళ్ల అభిరుచిదారుల సంఘం) ప్రమాణాల్లో సీవీ15, సీవీ16 అనే జంట ఉంది. సీవీ16 తాళం సంఖ్య, సీవీ15 తాళంచెవి. ఈ రెండింటి విలువలు సమానమైతేనే డీకోడర్ ఇతర సీవీలను మార్చనిస్తుంది. సమానం కాకపోతే వచ్చిన ఆజ్ఞను పట్టించుకోదు. తాళంచెవిని మాత్రం ఎప్పుడైనా రాయవచ్చు. మోటార్ డీకోడర్‌కు 1, సౌండ్ డీకోడర్‌కు 2, మిగిలిన డీకోడర్లకు 3 లేదా అంతకంటే పెద్ద సంఖ్య ఇవ్వాలన్న సూచన కూడా ప్రమాణాల్లోనే ఉంది. నేను దానినే పాటించాను. ఈ ఇంజను రేపు మరొకరి బల్ల మీదికి వెళ్లినా, వారు మొదట ప్రయత్నించేవి ఆ రెండు సంఖ్యలే అవుతాయి.

ఈ తాళాలను వేసే వరుసక్రమం చాలా ముఖ్యం. కొత్త డీకోడర్లలో ఈ రెండు సీవీలూ 0గా ఉంటాయి, అంటే రెండూ తెరిచే ఉంటాయి. ఆ స్థితిలో రెండింటినీ పట్టాలకు కలిపి సీవీ16లో 1 రాస్తే రెండూ 1నే తీసుకుంటాయి, వాటిని విడదీసే దారి మూసుకుపోతుంది. అందువల్ల మొదట మోటార్ డీకోడర్ ఒక్కటే ఉన్నప్పుడు సీవీ16లో 1 రాశాను. దాని సీవీ15 ఇంకా 0 కనుక ఆ క్షణం నుంచే అది మూసుకుంది. ఆ తరువాత సౌండ్ డీకోడర్ ఎర్ర, నల్ల తీగలను మోటార్ డీకోడర్ ఎర్ర, నల్ల తీగల పక్కనే పట్టాల కరెంటుకు కలిపి, సీవీ16లో 2 రాశాను. మూసి ఉన్న మోటార్ డీకోడర్ ఆ ఆజ్ఞను వదిలివేసింది, తెరిచి ఉన్న సౌండ్ డీకోడర్ తీసుకుంది. ఇప్పుడు సీవీ15లో 1 రాస్తే మోటార్ వైపు, 2 రాస్తే సౌండ్ వైపు తెరుచుకుంటాయి. ఈ పద్ధతిలో ఒక తీగను కూడా విప్పనవసరం లేదు.

మార్కెట్లో ఉన్న డీకోడర్లన్నిటికీ ఈ తాళం సౌకర్యం లేదు. సీవీ16లో రాసిన విలువ తిరిగి చదివినప్పుడు కనిపించకపోతే లేనట్టే. అటువంటి జంట నా దగ్గర మరొక ఇంజనులో ఉంది. దానికి వేరొక ఉపాయం వాడుతున్నాను. రెండింటిలోనూ పెద్ద చిరునామా ఒకటే, కానీ సీవీ1లోని చిన్న చిరునామాలు వేర్వేరు: మోటారుకు 12, శబ్దానికి 13. ప్రోగ్రామ్ చేయవలసి వచ్చినప్పుడు మెయిన్ ట్రాక్ (ఇంజన్లు నడిచే మామూలు పట్టాల) మీద పెద్ద చిరునామాకు సీవీ29లో 2 రాస్తాను. వెంటనే రెండూ తమ తమ చిన్న చిరునామాలకు దిగుతాయి. అప్పుడు 12నూ 13నూ విడిగా పిలిచి కావలసిన మార్పులు చేసి, చివర ఒక్కొక్కదానికి సీవీ29లో 34 రాస్తే మళ్లీ ఒకే చిరునామాకు చేరుతాయి. కొన్ని డీకోడర్లు మెయిన్ ట్రాక్ మీద చిరునామా సంబంధమైన మార్పులను ఒప్పుకోవు కనుక షెల్ మూయకముందే దీనిని పరీక్షించి చూడాలి.

అదే సాయంత్రం: రెండు గొంతులు ఒకేసారి చెప్పే జవాబు

తాళాలు వేయకముందు రెండు డీకోడర్లనూ కలిపి చదివితే ఏమి కనిపిస్తుందో తెలుసుకోవడం కోసం ప్రత్యేకంగా కొంత సమయం కేటాయించాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది "చదవడం కుదరదు" అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నారు. నా కమాండ్ స్టేషన్ సీవీ విలువలోని ఒక్కొక్క బిట్‌ను (1, 2, 4, 8, 16, 32 వంటి భాగాన్ని) "ఇది 1 అవునా?" అని అడుగుతూ, చివర మొత్తం విలువను ఒకసారి సరిచూసుకుంటుంది. రెండింటిలో ఏ ఒక్కటి అవునన్నా కరెంటు పెరుగుతుంది కనుక స్టేషన్‌కు అవుననే వినిపిస్తుంది.

దీని ఫలితం గమనించదగినది. మోటార్ వైపు సీవీ3లో 36, సౌండ్ వైపు 24 ఉన్నాయనుకుందాం. 36లో 32, 4 ఉన్నాయి. 24లో 16, 8 ఉన్నాయి. స్టేషన్‌కు నాలుగు బిట్లూ 1గానే వినిపించి 60 అనే విలువ తయారవుతుంది. చివరి సరిచూపులో 60 ఎవరి దగ్గరా లేదు కనుక లోపం చూపి ఆగుతుంది. ఇది మేలైన సందర్భం, ఎందుకంటే ఏదో తేడా ఉందని తెలుస్తుంది. మోటార్ వైపు 30, సౌండ్ వైపు 10 ఉంటే పరిస్థితి వేరు. 10లో ఉన్న 8, 2 అనే బిట్లు 30లోనూ ఉన్నాయి; కలిపితే వచ్చేది 30, చివరి సరిచూపుకు మోటార్ డీకోడర్ అవునంటుంది, స్టేషన్ నిస్సందేహంగా 30 అని చూపుతుంది. సౌండ్ డీకోడర్‌లో 10 ఉందన్న విషయం ఎక్కడా బయటపడదు. కనుక రెండు డీకోడర్ల ఇంజనులో తాళం వేయకుండా చదివిన విలువ సరైనదిగా కనిపించినా నమ్మకూడదు. నా సౌండ్ డీకోడర్ మూసి ఉన్నప్పుడు చదివే ప్రశ్నలకు కూడా జవాబివ్వదు, మోటార్ డీకోడర్ కూడా అంతే. అందువల్ల తాళాలు పడిన తరువాత ఒకరి మాట మాత్రమే వినిపిస్తోంది.

కంప్యూటరులో డీకోడర్లను ప్రోగ్రామ్ చేసే జేఎంఆర్ఐ డీకోడర్‌ప్రో సాఫ్ట్‌వేర్ వాడేవారు ఒకే ఇంజనుకు రెండు పద్దులు తెరవాలి. నేను వాటికి "2412 మోటార్", "2412 సౌండ్" అని పేర్లు పెట్టాను. ఏ పద్దును తెరిచినా మొదటి పని దాని తాళంచెవిని రాయడమే.

ఆదివారం: అమరిక

షెల్ లోపల చోటు ఇరుకు. పొడవైన హుడ్ వెనుక భాగంలో 8 ఓమ్‌ల చిన్న పెట్టె స్పీకరును గాలి చొరబడని గదిలో బిగించాను. గది అంచుల్లో ఎక్కడ సందు ఉన్నా కోన్ ముందువైపు గాలీ వెనుకవైపు గాలీ కలిసి కింది స్వరాలను మింగేస్తాయి. ఆల్కో గొంతంతా ఆ కింది స్వరాల్లోనే ఉంది కనుక ఈ పనికి మిగిలిన వైరింగు అంతటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. లైట్లను మోటార్ డీకోడర్‌కే ఉంచాను. నారింజ, బూడిద రంగు తీగలు ఎప్పటిలాగే మోటారుకు వెళుతున్నాయి.

తరువాతి శనివారం: రెండు కాలాలను కుదర్చడం

ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఈ రోజు పనిలో ఉంది. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే చేయి ఒకరిది, పాట అందుకొనే గొంతు మరొకరిది అయినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు గమనించుకుంటూ సాగుతారు; ఈ రెండు డీకోడర్ల మధ్య అటువంటి చూపు లేదు. మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో సౌండ్ డీకోడర్‌కు తెలియదు. దానికి తెలిసినది త్రాటిల్ నుంచి వచ్చిన స్పీడ్ స్టెప్ ఒక్కటే. కనుక ఆ ఒక్క అంకెకు ఎవరు ఎంత ఆలస్యంగా స్పందించాలో మనమే ముందుగా నిర్ణయించాలి.

ప్రమాణాల ప్రకారం సీవీ3లోని విలువను 0.896తో గుణిస్తే, నిలబడి ఉన్న స్థితి నుంచి పూర్తి వేగానికి చేరడానికి పట్టే సెకన్లు వస్తాయి. మోటార్ వైపు 36 రాశాను, అంటే 32 సెకన్లకు కాస్త ఎక్కువ. సౌండ్ వైపు మొదట 24 పెట్టి విన్నాను: అది 21.5 సెకన్లు. శబ్దం ముందు నడుస్తోంది కానీ ఆ తేడా చెవికి ఆనలేదు. 10కి తగ్గించినప్పుడు, అంటే సుమారు 9 సెకన్లకు తెచ్చినప్పుడు, త్రాటిల్ తిప్పగానే యంత్రం గొంతు లేవడం, బండి ఆ బరువును మోయలేక కాస్త ఆగి కదలడం మొదటిసారి సరిగ్గా వినిపించాయి, కనిపించాయి. మోటార్ వైపు సీవీ2, అంటే మొదటి స్టెప్పులో ఇచ్చే వోల్టేజీని కొద్దిగా తగ్గించడం వల్ల ఆ ఆగడం మరింత సహజంగా కుదిరింది.

ఆపడంలో ఈ ఏర్పాటు ఇంకా గొప్ప ఫలితం ఇచ్చింది. అసలు రైల్వేలో డ్రైవరు త్రాటిల్ మూసినప్పుడు యంత్రం కొద్ది సేపట్లోనే ఖాళీ వేగానికి పడిపోతుంది, బండి మాత్రం తన బరువుతో చాలా దూరం జారుతుంది. చలనమే శబ్దాన్ని నడిపించే అమరికలో యంత్రం శబ్దం బండితో పాటే మెల్లగా తగ్గుతుంది. వినేవారికి అది మోటారు కారులా తోస్తుంది. ఇక్కడ వేగం తగ్గే కాలాన్ని నిర్ణయించే సీవీ4లో మోటార్ వైపు 50 రాశాను, సౌండ్ వైపు 6. పూర్తి వేగం నుంచి త్రాటిల్‌ను సున్నాకు తెస్తే సుమారు 5 సెకన్లలో యంత్రం 400 చుట్ల గురగురకు దిగుతుంది, బండి 45 సెకన్ల దాకా జారుతూనే ఉంటుంది. కాజీపేట యార్డులోకి గూడ్సు బండి జారుతూ వచ్చే తీరు తెలిసిన చెవికి ఈ తేడా ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఈ స్వేచ్ఛతో పాటు వచ్చే పరిమితులు కూడా ఉన్నాయి. తన లెక్కలో వేగం సున్నా అయిన వెంటనే సౌండ్ డీకోడర్ బ్రేకుల కీచుశబ్దం వినిపిస్తుంది. అప్పటికి బండి వేగం ఇంకా పెద్దగా తగ్గి ఉండదు. అందువల్ల దానంతట అదే మోగే బ్రేకు శబ్దాన్ని పూర్తిగా ఆపివేసి, నొక్కితేనే మోగే ఫంక్షన్‌కు మార్చాను. రెండో పరిమితి ఎత్తు ఎక్కేటప్పటిది. ఎక్కుడులో మోటార్ డీకోడర్ వోల్టేజీ పెంచి వేగాన్ని నిలబెడుతుంది, కానీ ఆ శ్రమ సౌండ్ డీకోడర్‌కు అందదు కనుక గొంతు మారదు. నా డీకోడర్‌లో నాచ్ పెంచే, తగ్గించే ఫంక్షన్లు ఉన్నాయి. ఎక్కుడు రాకముందే చేత్తో ఒక నాచ్ పెంచుతున్నాను. నిజానికి అసలు డ్రైవరు చేసేదీ అదే కనుక ఇది నాకు లోటుగా తోచడం లేదు.

ఆదివారం: ఫంక్షన్లు

ఇది చిన్న పని, కానీ తప్పనిసరి. సౌండ్ డీకోడర్‌లో ఎఫ్1 గంట, ఎఫ్2 హారన్. ఆ తరువాతి ఫంక్షన్ల దగ్గరే జాగ్రత్త కావాలి: కొన్ని మోటార్ డీకోడర్లలో ఎఫ్3 వేగాన్ని సగానికి తగ్గించే షంటింగ్ గేరుగా, ఎఫ్4 మొమెంటమ్‌ను (వేగం మెల్లగా పెరిగి తగ్గే అమరికను) రద్దు చేసే మీటగా కర్మాగారం నుంచే వస్తాయి. వాటిని అలాగే ఉంచితే ఏదో ఒక శబ్దం కోసం ఎఫ్4 నొక్కిన క్షణంలో బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. తాళంచెవి 1తో మోటార్ వైపు తెరిచి, హెడ్‌లైటుకు చెందిన ఎఫ్0 తప్ప మిగిలిన ఫంక్షన్ కేటాయింపులన్నీ తీసివేశాను. ఇక సౌండ్ వైపు మీటలు ఏవి ఏ శబ్దం చేసినా చలనానికి ఆటంకం లేదు.

కర్మాగారపు విలువలకు తిరిగి వెళ్లే రీసెట్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చాలా డీకోడర్లలో సీవీ8లో 8 రాస్తే రీసెట్ అవుతుంది. తాళం లేకపోతే ఆ ఒక్క ఆజ్ఞ రెండింటినీ తుడిచివేయగలదు.

చివరి నమోదు: రెండు ఇంజన్లను జతచేయడం

2412ను మరొక ఆల్కోతో కలిపి కాన్సిస్టుగా నడపడం ఈ పనికి చివరి పరీక్ష. కొన్ని కమాండ్ స్టేషన్లు కాన్సిస్టు వివరాలను తమ జ్ఞాపకంలోనే ఉంచుకొని ప్రతి ఇంజనుకూ దాని సొంత చిరునామాతోనే ఆజ్ఞలు పంపుతాయి. అప్పుడు డీకోడర్లలో మార్చవలసినది ఏమీ ఉండదు. మరికొన్ని కాన్సిస్టు చిరునామాను సీవీ19లో రాస్తాయి. రెండో పద్ధతిలో ఆ రాత తెరిచి ఉన్న డీకోడర్‌కు మాత్రమే చేరితే మోటారు జతతో వెళ్లిపోతుంది, శబ్దం పాత చిరునామా దగ్గరే ఉండిపోతుంది. రెండు వేర్వేరు తాళాలు ఒకే తాళంచెవికి తెరుచుకోవు కనుక సీవీ19ను తాళంచెవి 1తో ఒకసారి, 2తో మరొకసారి రాయాలి. ఇంజను వెనక్కి తిరిగి ఉంటే రెండు సార్లూ 128 కలిపి రాయాలి. కాన్సిస్టులో హారన్, గంట ఏ ఇంజనులో మోగాలో నిర్ణయించే సీవీ21 మాత్రం సౌండ్ వైపు చాలు. హెడ్‌లైటును నిర్ణయించే సీవీ22 లైట్లు ఉన్న మోటార్ వైపుకు చెందినది.

నా స్టేషన్ మొదటి రకానిది కనుక సీవీ19 జోలికి పోనవసరం రాలేదు. పని ముగించేటప్పుడు సీవీ15లో 0 రాసి వదిలాను. ఆ స్థితిలో రెండు డీకోడర్లూ మూసి ఉంటాయి, మెయిన్ ట్రాక్ మీద పొరపాటున 2412కు వెళ్లిన ఏ రాతా వీటిని మార్చలేదు. తాళం సంఖ్యలు, రెండు వైపుల సీవీ2, సీవీ3, సీవీ4 విలువలు సన్నటి కాగితం మీద రాసి షెల్ లోపలి పైకప్పుకు అంటించాను. జతలోని రెండో ఇంజనుకు ఇంకా శబ్దం లేదు. దాని మోటార్ డీకోడర్ సీవీ16లో రాసిన విలువను నిలుపుకుంటోందని ఇప్పటికే పరీక్షించి చూశాను కనుక, స్పీకరు గది సిద్ధం కాగానే ఇదే వరుసలో దాని పని మొదలుపెడతాను.